పక్కింటి పిల్లాడిని ‘అబ్బాయివా, అమ్మాయివా’ అని అడిగిన తాతగారు: పోకెమాన్ ఫైర్‌రెడ్ సమీక్ష

పోకెమాన్ ఫైర్‌రెడ్ అనే వీడియో గేమ్‌ను మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ తొలి నిమిషాల్లోనే ఒక పెద్దాయన ఎదురవుతాడు. నెరిసిన జుట్టుతో, తెల్లకోటుతో, ఎంతో ఆప్యాయంగా పలకరించే ఆ ప్రొఫెసర్ ఓక్ ముందు తనను తాను పరిచయం చేసుకుంటాడు. పోకెమాన్ అనే ప్రాణుల గురించి నాలుగు మాటలు చెప్పి, ఆ తరువాత తన ఎదుట నిలబడి ఉన్న మనిషిని సూటిగా అడుగుతాడు: నువ్వు అబ్బాయివా, అమ్మాయివా? అది చాలదన్నట్టు, మరికాసేపటికి తన సొంత మనవడిని తెర మీద నిలబెట్టి, ఇంతకీ వీడి పేరేమిటి చెప్మా అని మనల్నే అడుగుతాడు. ఈ ఆట ఆడినవాళ్లు ఎక్కడ కలిసినా ఈ రెండు ప్రశ్నలను తలచుకుని నవ్వుకోవడం, వాటికి తలా ఒక కారణం కల్పించి చెప్పుకోవడం పరిపాటి. ఈ సమీక్షలో ఆట బాగోగులతో పాటు, నాకు తోచిన కారణాన్ని కూడా వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే అది తోచిన తరువాత ఈ ఆట మీద నాకున్న ఇష్టం రెట్టింపయింది.

ఆట వివరాలు ముందు చెప్పాలి. పోకెమాన్ రెడ్, గ్రీన్ అనే జంట ఆటలు చేతిలో పట్టుకుని ఆడే నింటెండో యంత్రం గేమ్ బాయ్ కోసం జపాన్‌లో 1996 ఫిబ్రవరి 27న వచ్చాయి. గేమ్ ఫ్రీక్ సంస్థ తయారుచేసిన ఆ ఆటలను సతోషి తజిరి నడిపించారు. వాటినే రంగులతో, కొత్త హంగులతో గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం తిరిగి నిర్మించి, 2004లో ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ పేర్లతో విడుదల చేశారు. ఈ పునర్నిర్మాణానికి జునిచి మసుద దర్శకుడు. అదే ఊళ్లు, అదే దారులు, జిమ్‌లనే అవే 8 పోరాటశాలలు, అదే తాతగారు. మారినది ఏమిటంటే, 1996 నాటి ఆటలో కథానాయకుడు అబ్బాయి మాత్రమే, కాబట్టి అప్పుడు ఆ మొదటి ప్రశ్న లేదు. ఫైర్‌రెడ్‌లో అమ్మాయిగా కూడా ఆడవచ్చు, కాబట్టి ఎవరో ఒకరు ఆ సంగతి అడగవలసి వచ్చింది. అడిగే పని ఓక్ నెత్తిన పడింది.

ఆయన అడగడంలో వింత ఎక్కడుందో తెలియాలంటే ఆట మొదలయ్యే ఊరైన ప్యాలెట్ టౌన్‌ను ఒకసారి చూడాలి. పేరుకు టౌన్ అయినా అందులో ఉన్నవి మూడే కట్టడాలు. ఒకటి మన ఇల్లు, దాని పక్కన ఓక్ మనవడి ఇల్లు, వాటికి కాస్త కిందుగా ఓక్ పరిశోధనశాల. మన గుమ్మం దాటి నాలుగు అడుగులు వేస్తే ఆయన గుమ్మం వస్తుంది. పైగా మనవడిని చూపిస్తూ, పసితనం నుంచి మీరిద్దరూ పోటీదారులని ఆయనే చెబుతాడు. అంటే మనం పాకే రోజుల నుంచి ఆయనకు తెలుసు. అటువంటి మనిషి మొట్టమొదట అనే మాట, నిన్ను కలుసుకోవడం సంతోషంగా ఉంది అని! ఆ తరువాత ఆడా మగా అని, ఆ తరువాత పేరేమిటని. ఇళ్ల ముందున్న పలకల మీద మన పేరు, ఆయన మనవడి పేరు స్పష్టంగా రాసి ఉంటాయి. రోజూ ఆ పలక పక్క నుంచే నడిచే తాతగారికి దాని మీది పేరు గుర్తులేకపోవడం ఎలా సాధ్యం?

ఈ వింత ఎలా పుట్టిందో తయారీ వైపు నుంచి చూస్తే తేలికగానే అర్థమవుతుంది. ఆటగాడి పేరు, పోటీదారు పేరు యంత్రానికి కావాలి. వాటిని ఖాళీ తెర మీద నింపమని అడిగితే ఆఫీసులో దరఖాస్తు నింపినట్టు ఉంటుంది కాబట్టి ఒక పాత్ర నోట అడిగించారు. 2000 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన పోకెమాన్ క్రిస్టల్‌లో తొలిసారి అమ్మాయిగా ఆడే అవకాశం ఇచ్చినప్పుడు, ఆ ప్రశ్నను ఏ పాత్రా అడగదు, తెరే అడుగుతుంది. 2002లో వచ్చిన రూబీ, సఫైర్ ఆటలలో ప్రొఫెసర్ బర్చ్ అడుగుతాడు. అక్కడ అది ఎంతో సహజంగా ఉంటుంది, ఎందుకంటే ఆ కథలో మనం సామాన్ల బండిలో ఆ ఊరికి కొత్తగా దిగుతున్నాం. ఆయన మనల్ని అంతకుముందు చూసి ఎరుగడు. ఫైర్‌రెడ్‌కు వచ్చేసరికి ఆ పద్ధతినే తీసుకొచ్చి, పుట్టినప్పటి నుంచి మనల్ని ఎరిగిన ఓక్ నోట పెట్టారు. కొత్త ఊరి మర్యాద పాత ఊరిలో అడుగుపెట్టింది. ఈ వివరణ సబబే, కానీ ఇది ఆట బయటి వివరణ. ఆట లోపల, ఓక్ అనే మనిషి మనసులో ఏం జరిగిందన్నది వేరే ప్రశ్న. నాకు ఆసక్తి దాని మీదే.

తరచుగా వినిపించే మొదటి ఊహ, ఆయనకు మతిమరుపు అన్నది. దీనికి ఆధారాలు లేకపోలేదు. పరిశోధనశాలలో ఎదురుచూసి విసిగిపోయిన మనవడు గోల చేస్తే, నిన్నెందుకు రమ్మన్నానబ్బా అని కాసేపు ఆలోచించి, ఓహో, నేనే కదా రమ్మన్నది అని ఆయన తేరుకుంటాడు. విరిడియన్ సిటీ దుకాణం నుంచి మనం మోసుకొచ్చిన పొట్లం చూసి, ఇది నాకోసమా అని ఆశ్చర్యపోయి, పోకెమాన్‌ను పట్టడానికి తాను ప్రత్యేకంగా చేయించుకున్న బంతి అదేనని అప్పుడు గుర్తు చేసుకుంటాడు. ఆట చివర ఓడించవలసిన నలుగురు మేటి పోటీదారుల జట్టు ఎలైట్ ఫోర్‌లో ఒకరైన అగాథా అనే పెద్దావిడ, ఆ ముసలాయన ఒకప్పుడు ఎంత దిట్టో, ఎంత అందగాడో, ఇప్పుడు ఆ ఛాయలు కూడా లేవని మన ముఖం మీదే అంటుంది. ఇవన్నీ కలిపి చూస్తే మతిమరుపు వాదం బలంగానే కనిపిస్తుంది. అయినా నేను దానికి ఒప్పుకోను. మా నాయనమ్మ చివరి రెండేళ్లు మా పేర్లు మరిచిపోయింది. ఆమె మమ్మల్ని ఎన్నడూ పేరు అడగలేదు. తెలిసినట్టే నవ్వి, ఏదో ఒక పేరుతో పిలిచేది. మరిచిపోయినవారు తాము మరిచిపోయామని ఒప్పుకుని ఇంత ధీమాగా అడగరని నా అనుభవం.

అంతకంటే గట్టి సాక్ష్యం ఆటలోనే ఉంది. ఓక్ సహాయకులు దారి పొడవునా మనకు ఎదురవుతారు. 10 రకాల పోకెమాన్‌ను పట్టినవారికి చీకటి గుహలో వెలుగునిచ్చే ఫ్లాష్, 50 రకాలు పట్టినవారికి అనుభవాన్ని జట్టుతో పంచుకునే ఎక్స్‌పీ షేర్ అని ఆయన లెక్క కట్టి పంపిన బహుమతులు ఇస్తారు. చూసిన, పట్టిన పోకెమాన్ వివరాలు నమోదయ్యే పోకెడెక్స్ చూపించిన ప్రతిసారీ ఎన్ని చూశావు, ఎన్ని పట్టావు అని ఆయన సంఖ్యలతో సహా చెప్పి, దానికి తగిన సలహా కూడా ఇస్తాడు. ఒక్క అంకె తప్పని మనిషి మనవడి పేరు తప్పుతాడా?

రెండవ ఊహ చూపు మందగించిందన్నది. ఇది నిలబడదు. మనం ఊరి చివర గడ్డిలోకి అడుగుపెట్టబోయే క్షణాన, ఆగు, వెళ్లకు అంటూ కేకవేసి పరుగున వచ్చేది ఆయనే. అంత దూరం నుంచి మన పాదాన్ని గమనించిన కళ్లకు ఎదురుగా నిలబడిన ముఖం కనబడదనలేం. మూడవది, ఈ పరిచయమంతా మన కల అన్నది. మాటలు పూర్తయ్యాక తెర మీద మన బొమ్మ చిన్నదైపోయి, మరుక్షణం మనం మన పడకగదిలో వీడియో గేమ్ ముందు నిలబడి ఉంటాం, కాబట్టి దీనికి కొంత అందం ఉంది. అయితే కల అనేస్తే దేనికైనా జవాబు దొరికిపోతుంది, అందుకే ఈ జవాబు నాకు రుచించదు.

ఇక నా ఊహ. దీనికి మూలం 1996 నాటి ఆటలో ఉంది. ఆ పాత ఆట మొదట్లో ఓక్ పోకెమాన్‌ను పరిచయం చేస్తూ ఒక ప్రాణిని తెర మీదికి తెస్తాడు. అది నిడొరీనో. పోకెడెక్స్‌లో దాని సంఖ్య 33, అది మగది. కానీ అప్పుడు వినిపించే అరుపు నిడొరీనాది. దాని సంఖ్య 30, అది ఆడది. బొమ్మ ఒకటి, గొంతు మరొకటి. తయారుచేసినవారి చిన్న పొరపాటు అది, ఆట ప్రోగ్రామ్ కోడ్‌ను పరిశీలించినవారు గుర్తించినది. ఇప్పుడు ఓక్ వైపు నుంచి ఆలోచించండి. పోకెమాన్ ప్రొఫెసర్ అని లోకమంతా ప్రేమగా పిలుచుకునే పండితుడు, లక్షలాది పిల్లల ముందు, తన మొదటి పాఠంలోనే, ఆడదాని గొంతుతో మగదాన్ని చూపించాడు. ఆ కాలంలో ఆడ మగ గుర్తులు పేరులోనే ఉన్న జాతి నిడొరాన్ ఒక్కటే. 151 రకాల్లో పొరపాటు పడకూడని చోటు ఏదైనా ఉందంటే అది సరిగ్గా ఆ కుటుంబమే. ఆయన సరిగ్గా అక్కడే పొరబడ్డాడు.

ఆ తరువాత జరిగిన చరిత్రను వరుసగా పేర్చితే ఈ ఊహ ఇంకా బలపడుతుంది. 1999 నవంబరులో వచ్చిన గోల్డ్, సిల్వర్ ఆటలలో దాదాపు అన్ని పోకెమాన్‌లకూ ఆడ మగ భేదం తెలిసింది, గుడ్లు పెట్టడం తెలిసింది. శాస్త్రం ముందుకు వెళ్లింది, రిజిస్టర్‌లో కొత్త గడి ఒకటి చేరింది. 2004లో ఓక్ తన పాత పాఠాన్ని మళ్లీ చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన ఏ ప్రాణిని తెచ్చాడో గమనించండి. నిడొరీనోను తేలేదు, ఆడ నిడొరాన్‌ను తెచ్చాడు. ఆ పోకెమాన్ పేరు పక్కనే ఆడ గుర్తు అచ్చయి ఉంటుంది. దాన్ని చూసి పొరబడడం ఎవరి వల్లా కాదు. ఎనిమిదేళ్ల కిందటి అవమానం గుర్తున్న మనిషి చేసే జాగ్రత్త కదా ఇది! ఆ ఆడ నిడొరాన్‌ను చూపించి, తిరిగి బంతిలోకి పంపిన వెంటనే ఆయన మనవైపు తిరిగి, నువ్వు అబ్బాయివా, అమ్మాయివా అని అడుగుతాడు. కంటికి కనిపించినదాన్ని నమ్మి ఒకసారి తలవంపులు తెచ్చుకున్నాడు కాబట్టి, ఇక మీదట ఎదుటివారు తమ నోటితో చెబితే తప్ప రాయకూడదని నిశ్చయించుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడని ఎవరైనా అనవచ్చు, కానీ తప్పు ఒప్పుకుని పద్ధతి మార్చుకున్న పండితుడు అరుదు. ఆ ప్రశ్నలో నాకు మొదట మతిమరుపు కనిపించేది, ఇప్పుడు వినయం కనిపిస్తుంది.

మరి మనవడి పేరు సంగతేమిటి? ఇది 1996లో కూడా ఉన్న ప్రశ్న, కాబట్టి నిడొరీనో సంగతితో దీనికి ముడిపెట్టలేం. దీనికి జవాబు మన ఇళ్లలో పెరిగినవారికి సులువుగా తోస్తుంది. పెద్దల పేరు మనవడికి పెట్టుకున్న ఇంట్లో, మామగారి పేరు నోట పలకకూడదని కోడలు ఆ పిల్లవాడిని నాని అనో బుజ్జి అనో చిన్నా అనో పిలవడం మొదలుపెడుతుంది. ఇంటిల్లిపాదికీ అదే అలవాటవుతుంది. పదేళ్ల తరువాత బడిలో చేర్చేటప్పుడో, రేషన్ కార్డులో ఎక్కించేటప్పుడో ఎదుటి మనిషి పేరు చెప్పమంటే, కలం పట్టుకున్న తాత లోపలి గదివైపు తిరిగి, ఒరేయ్, వీడి అసలు పేరేమిట్రా అని కేకవేస్తాడు. ఆ తాతకు మనవడు తెలియక కాదు. రోజూ నోట ఆడే పేరు కాగితం మీద పనికిరాదని తెలిసి అడుగుతాడు. ప్యాలెట్ టౌన్ ఎక్కడో జపాన్ కాంటో ప్రాంతాన్ని పోలిన కల్పిత లోకంలో ఉన్నా, రిజిస్టర్ ముందు కూర్చున్న తాతలు అంతటా ఒక్కలాగే ఉంటారని నా నమ్మకం. ఓక్ అడుగుతున్నది రికార్డు పేరు. అందుకే ఇంటి ముందు పలక ఉన్నా మనల్ని అడుగుతాడు. పలక కూడా కంటితో చూసేదే కదా.

ఈ ఊహను పరీక్షించడానికి ఆట వీలు కల్పిస్తుంది. కొత్తగా మొదలుపెట్టి పరిచయం వరకే ఆడి, సేవ్ చేయకుండా ఆపేస్తే పాత ఆటకు ఏమీ కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా నేను అదే పని చేశాను. పేరుకు 7 అక్షరాల పరిమితి ఉంది. ముందు మనవడికి నా పేరే పెట్టాను. తరువాత ఒక ఊరి పేరు. తరువాత ఇంగ్లీషు అక్షరాలలో ‘తాత’ అని పెట్టాను. ఓక్ ప్రతిసారీ, ఆ పేరేనా అని ఒకసారి నిర్ధారించుకుని, అవునంటే, సరిగ్గా అంతే, ఇప్పుడు గుర్తొచ్చింది, వాడి పేరు తాత అని ఉత్సాహంగా ప్రకటించాడు. మా ఇంట్లో నా తమ్ముడి కొడుకును మా నాన్న తాతా అనే పిలుస్తాడు కాబట్టి, ఆ మాట విని నాకు వింతగా తోచలేదు, చెప్పలేనంత సంతోషం కలిగింది. చెప్పినవారు ఏది చెబితే అది, ఒకసారి అడిగి ఖాయం చేసుకుని, మరుమాట లేకుండా రాసుకోవడం జనాభా లెక్కల మనిషి పద్ధతి. ఓక్ సరిగ్గా ఆ పద్ధతిలోనే నడుస్తాడు.

ఆ మొదటి ప్రశ్నకు మనం చెప్పే జవాబు ఆటలో ఎంత తేడా తెస్తుందన్నది కూడా సమీక్షలో చెప్పవలసిన సంగతే. తేడా చాలా తక్కువ. బొమ్మ మారుతుంది. అబ్బాయిలందరూ ఏదో ఒక రోజు ఇల్లు విడిచి వెళ్లేవారే, టీవీలో చెప్పారు అనే అమ్మ మాట, అమ్మాయిలందరూ ప్రయాణాల గురించి కలలు కంటారు, టీవీలో చెప్పారు అని మారుతుంది. ఈ రెండో వాక్యం నాకు ఎంతో నచ్చింది, మా చెల్లెలి కూతురికి ఆట చూపించినప్పుడు ఆమె దాన్ని రెండుసార్లు చదివించుకుంది. మిగిలిన ప్రయాణమంతా ఒకటే. జిమ్ నాయకులు అమ్మాయితో ఒకలా, అబ్బాయితో ఒకలా పోరాడరు. అయితే ఆ పిల్లకు నేను ఈ కథను తెలుగులో చెబుతున్నప్పుడు ఒకటి గమనించాను. నువ్వు వెళ్లావు, నువ్వు గెలిచావు అన్నంతసేపు ఓక్ ప్రశ్నతో పనిలేదు. మరునాడు ఆమె వాళ్ల నాన్నకు ఆ కథ తిరిగి చెప్పడానికి కూర్చున్నప్పుడు, మొదటి వాక్యంలోనే వెళ్లాడు అనాలా, వెళ్లింది అనాలా అని ఆగింది. మన భాషలో కథ చెప్పాలంటే ఓక్ అడిగిన ప్రశ్న అడగక తప్పదు.

ఇక ఆట గురించి. 2004 నాటి పునర్నిర్మాణంలో నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచినది, ఆపేసిన ఆటను మళ్లీ తెరిచినప్పుడు అది పాత సంగతులను గుర్తుచేయడం. చివరిసారి ఏ ఊరిలో ఉన్నాం, ఎవరిని ఓడించాం, ఏం కొన్నాం అని కొన్ని సంఘటనలను వెలిసిన రంగుల్లో, పాత ఫోటోల్లాగా చూపించి, అప్పుడు మనల్ని ఆటలోకి వదులుతుంది. నెలల తరబడి పక్కన పెట్టి తిరిగి చేతిలోకి తీసుకున్నప్పుడు ఇది ఎంత మేలు చేస్తుందో ఉద్యోగం, పిల్లల చదువుల మధ్య ఆడేవారికి తెలుస్తుంది. తాతగారు మన పేరు కూడా మన నోటనే చెప్పించుకునే ఆటలో, మనం మరిచిపోయినదాన్ని ఆటే జాగ్రత్తగా దాచి చూపించడం నాకు ఎంతో ముచ్చటగా అనిపించింది.

మొదటి జిమ్ నాయకుడు బ్రాక్‌ను ఓడించిన తరువాత ఓక్ సహాయకుడు తెచ్చి ఇచ్చే పరుగు బూట్లు పాత ఆటలోని నత్తనడకను పోగొట్టాయి. మొదటి పోకెమాన్‌గా చార్మాండర్‌ను ఎంచుకున్నవారు పాత ఆటలో బ్రాక్ రాతి పోకెమాన్ ముందు నానా అవస్థ పడేవారు. ఇందులో అది 13వ స్థాయిలో మెటల్ క్లా నేర్చుకుంటుంది కాబట్టి ఆ కష్టం చాలావరకు తీరింది. కథ చివరలో సెవీ దీవులు అనే కొత్త ప్రాంతం ఉంది, అది బాగానే ఉన్నా దాని మధ్య భాగం కాస్త సాగదీసినట్టు ఉంటుంది. రంగులు, ఊళ్ల బొమ్మలు ఈనాటికీ కంటికి ఇంపుగా ఉన్నాయి.

లోపాలు చెప్పకపోతే సమీక్ష కాదు. భుజాల దగ్గరి ఎల్, ఆర్ మీటలు నొక్కితే సహాయ పుస్తకం తెరుచుకుంటుంది. వేలు పొరపాటున తగిలి అది ఎన్నిసార్లు అడ్డొచ్చిందో లెక్కలేదు. దాన్ని సెట్టింగుల్లో ఆపేయడమే మొదట చేయవలసిన పని. అంతకంటే పెద్ద లోపం, తొలి 151 రకాల తరువాతివి కూడా నమోదయ్యే పోకెడెక్స్ అయిన నేషనల్ డెక్స్ నిబంధన. 60 రకాలు పట్టి, ఎలైట్ ఫోర్‌ను గెలిస్తేనే ఓక్ దాన్ని ఇస్తాడు, అది లేనంతవరకు తొలి 151 దాటిన రూపాలకు ఎదగడం కుదరదు. నా గబ్బిలం పోకెమాన్ గోల్‌బ్యాట్ నన్ను ఎంత నమ్మినా తన తరువాతి రూపమైన క్రోబ్యాట్‌గా మారబోయి మధ్యలో ఆగిపోయేది. ప్రేమతో పెంచినందుకు దక్కే ఫలాన్ని ఒక కాగితం కోసం ఆపడం అన్యాయమని నా అభిప్రాయం. ఒక్క ఆటతో అన్ని పోకెమాన్‌లూ దొరకవు కూడా. గ్రోలిత్, స్కైథర్ ఫైర్‌రెడ్‌లో, వుల్పిక్స్, పిన్సర్ లీఫ్‌గ్రీన్‌లో ఉంటాయి, కాబట్టి తోడు ఆడే మిత్రుడు ఉండవలసిందే. ఆ రోజుల్లో పెట్టెతో పాటు తీగ లేకుండా ఆటలను కలిపే అడాప్టర్ కూడా ఇచ్చేవారు.

పాత కార్ట్రిడ్జ్, అంటే యంత్రంలో దూర్చే ఆట బిళ్ల, కొనాలనుకునేవారికి ఒక హెచ్చరిక. నేను మొదట ఒక దుకాణంలో కొన్నది నకిలీ. చూడడానికి అచ్చం అసలుదానిలాగే ఉంది, ఎలైట్ ఫోర్ వరకు సజావుగా నడిచింది, చివరి పోరాటం గెలిచి సేవ్ చేసిన తరువాత తెరిస్తే 40 గంటల శ్రమ మాయమైంది. తెరిచి చూస్తే తెర మీద మళ్లీ ఓక్, మళ్లీ అదే ప్రశ్న. ఆ రోజు ఆ ప్రశ్న నన్ను ఎంత బాధపెట్టిందో చెప్పలేను. అసలైన కార్ట్రిడ్జ్‌కు కింద లోహపు పళ్ల పైభాగంలో నింటెండో అనే పేరు చిన్నగా కనిపిస్తుంది, ముందున్న లేబుల్ మీద వెలుతురులో పట్టి చూస్తే అంకెలు అదిమిన గుర్తు ఉంటుంది. ఇవి చూడకుండా డబ్బు ఇవ్వకండి. 1996 నాటి పాత ఆటలు సేవ్ చేసిన సంగతులను ఒక నాణెం బ్యాటరీ సాయంతో దాచుకునేవి. అది అయిపోతే మన పేరు, మనవడి పేరు అన్నీ పోయేవి. ఫైర్‌రెడ్‌లో ఆ బ్యాటరీ అవసరం లేని ఫ్లాష్ మెమరీ వాడారు, కాబట్టి అసలైనది దొరికితే అది మిమ్మల్ని సులభంగా మరిచిపోదు. ఈ ఒక్క కారణానికే పాత రెడ్ కంటే దీన్నే కొనమంటాను. 5 నక్షత్రాల్లో 4 ఇస్తున్నాను, తగ్గించిన ఒక్కటీ నా గోల్‌బ్యాట్ కోసం.

రెండవసారి, అసలైన కార్ట్రిడ్జ్‌తో, నేను చివరి గదికి చేరాను. అక్కడ ఛాంపియన్‌గా కూర్చుని ఉన్నది ఓక్ మనవడే. అతన్ని గెలిచిన మరుక్షణం తలుపు తెరుచుకుని ఓక్ స్వయంగా లోపలికి వస్తాడు. వచ్చీరాగానే నన్ను పేరు పెట్టి పిలిచాడు. మొదటి రోజు తన బల్ల మీది మూడు బంతుల్లో నుంచి నేను ఏ పోకెమాన్‌ను ఎత్తుకెళ్లానో దాన్ని కూడా పేరుతో చెప్పి, అప్పటికీ ఇప్పటికీ ఎంత ఎదిగావో అన్నాడు. తరువాత మనవడివైపు తిరిగి, వాడినీ పేరు పెట్టే పిలిచి, ఎందుకు ఓడిపోయావో తెలుసా, నీ పోకెమాన్‌ను నమ్మకంతో, ప్రేమతో చూసుకోవడం మరిచిపోయావు అని మందలించాడు. ఈసారి ఆయన ఎవరి పేరూ అడగలేదు. ఆపైన నన్ను వెంటబెట్టుకుని లోపలి గదికి తీసుకెళ్లి, అక్కడున్న యంత్రంలో నా జట్టులోని ఆరుగురి పేర్లు, వాటి పక్కన నా పేరు ఎక్కించాడు.